పద్దెనిమిదో ఏనుగు



ఎండాకాలం వచ్చింది, చేన్లు ఖాళీ అయినయి. ఇగ మన భైంసా దిక్కు ఊళ్లల్ల గెట్ల పంచాయితీలు మొదలైతయి. అందుకే ఒక పాత సినిమా ముచ్చట చెప్త, చదువుండ్రి.

'తెనాలి రామకృష్ణ' చూసిన్రా? 1956ల వచ్చింది. సిహెచ్. వెంకటరామయ్య రాసిన నాటకాన్ని బి.ఎస్. రంగా సినిమా తీసిండు. నాగేశ్వరరావు రామకృష్ణుడు, రామారావు కృష్ణదేవరాయలు, నాగయ్య తిమ్మరుసు, భానుమతి కృష్ణసాని. అండ్ల నవ్వులు మస్తుగున్నయి గానీ, నా మనసుల నిలిచింది ఏనుగుల పంపకం.

ఒక ముసలాయనకు 17 ఏనుగులు. పెద్దకొడుక్కు సగం, నడిపోనికి మూడో వంతు, చిన్నోనికి తొమ్మిదో వంతు అన్నడు. 17ల సగమంటే ఎనిమిదిన్నర. ఏనుగును కోస్తమా? రామకృష్ణుడు ఇంకో ఏనుగును తెచ్చి కలిపిండు, 18 అయినయి. పెద్దోనికి 9, నడిపోనికి 6, చిన్నోనికి 2. కలిపితే 17. మిగిలిన ఏనుగు ఎక్కడిదక్కడికే పోయింది.

కిటుకు ఏందంటే, ముసలాయన చెప్పిన మూడు వంతులు కలిపితే పూర్తి ఒకటి కాదు, 18ల 17 వంతులే. అందుకే ముగ్గురికీ లెక్క కన్నా కొంచెం ఎక్కువనే ముట్టింది.

ఇప్పుడు నా సంగతి. ఇంట్ల పెద్దోన్ని నేనే. ముగ్గురన్నదమ్ములకు తలా మూడెకరాలు వచ్చింది. రోడ్డు పక్క చేను నాది, ఎనుక చేను చిన్నోనిది. కాగితం మీద బాట లేదు. "నా చేన్లకెళ్లి బండి పోనియ్య" అన్న. రెండేండ్లు వాడు పత్తి మూటలు నెత్తి మీద మోసిండు. వాన పడ్డంక మన నల్లరేగడిల ఉత్తగ నడుసుడే ఎంత కష్టమో మీకు తెల్వనిది కాదు. మాటలు బందైనయి. బాపు తిథికి సుత ఎవరింట్ల వాళ్లం చేసుకున్నం.

ఆ సినిమా మళ్ల చూసినప్పుడు ఏనుగుల కాడ నాకు నవ్వు రాలే. రామకృష్ణుడు ఎవరి వాటా గుంజుకోలే, ముందు తెచ్చి కలిపిండు. నేను పెద్దోన్నయ్యి ఏం కలిపిన?

పోయిన ఎండాకాలం గెట్టు పొంటి పది ఫీట్ల బాట ఇడిసిన. సుమారు మూడు గుంటలు పోయింది. తమ్ముడు ఏమనలే. తెల్లారి ట్రాక్టర్ల మొరం తెచ్చి పోసిండు. మొన్న నా సోయా బస్తాలు అదే బాట మీదకెళ్లి రోడ్డెక్కినయి.

కథల ఏనుగు తిరిగొచ్చినట్టు నా మూడు గుంటలు తిరిగి రాలే. అబద్ధమెందుకు చెప్పాలె? గానీ ఈసారి బాపు తిథికి ఒక్క కాడనే వండుకున్నం.

మీ ఇంట్ల పంపకం ఏడ ఆగింది? ఒక్క ఏనుగు తక్కువ పడి ఆగిందేమో చూడుండ్రి. కింద రాయుండ్రి.