వేగువారి పనికి కొలబద్ద

రాజునకు వేగులే కన్నులని మన పెద్దలు తలంచిరి. ఆ కన్నులు చక్కగా చూచుచున్నవో లేదో తెలిసికొనుట యెట్లు? వైద్యుని పనిని రోగి చెప్పును. ఉపాధ్యాయుని పనిని శిష్యుడు చెప్పును. వేగువాని పని ఫలించినప్పుడో, ఏమియు జరుగదు. జరుగనిదానిని చూపి మెప్పు గోరుట కష్టము. జరిగినదానిని చూపి నిందించుట సులభము.

కోనసీమవారమగు మాకీ చిక్కు క్రొత్తది కాదు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది వెలువడును. లంకలవారు పశువులను తోలుకొని గట్టెక్కుదురు. గట్టు తెగకున్నచో, అది మన జాగ్రత్తచేతనా, వరద తనంతట తీయుటచేతనా యని పిమ్మట వాదులాడుదుము. అయినను ఏటి కొలబద్ద అందఱికిని కనబడునదియే, ఎవ్వరైనను సరిచూడవచ్చును. వేగువారి కొలబద్ద బీరువాలో నుండును. భేదమంతయు నిచ్చటనే యున్నది.

2022 మే 24వ తేదీని అమలాపురమున జరిగినదానిని మేము మఱువజాలము. ఆ యేట ఏప్రిల్ 4న ఏర్పడిన మా జిల్లాకు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు చేర్పదలచి, ప్రభుత్వము మే నెలలో అభ్యంతరములను కోరెను. నిషేధాజ్ఞ లుండగనే జనము గుమిగూడిరి. మంత్రి యింటికిని శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. పోలీసులపై రాళ్లు రువ్విరి. “వేగువారేమైరి?” అని పలువు రడిగిరి. ప్రశ్న న్యాయమైనదే, కాని సగము ప్రశ్న. నిషేధాజ్ఞ విధించినవారికి అలజడి కలుగునను ననుమానము లేకపోలేదు గదా! తెలియుట వేఱు, ఎంత, ఎప్పుడు, ఎటువైపని తూచుట వేఱు, తూచినదానికి తగిన బలమును నిలుపుట వేఱు. మూటిలో ఏది తప్పెనో విచారింపక తిట్టుట తేలిక తీర్పు. ఆ తప్పునకు వెల చెల్లించినవారు నిరపరాధులు. దినముల కొలది ఇంటర్నెట్టు నిలిచెను. ఇరుగుపొరుగు కులములవారు ఒకరి నొకరు అనుమానముతో చూచుకొనిరి.

1922లో మన్యమున మఱియొక విధముగా తప్పెను. అల్లూరి సీతారామరాజును అధికారు లెఱుగకపోలేదు. ఆ యేటి మొదటనే అనుమానించి ప్రశ్నించిరి. కొంతకాలము కనిపెట్టియుంచి విడిచిరి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలలోని తుపాకులు పోయెను. మనిషిపై కన్ను ఉండెను. గూడెము రోడ్డుపనులలో కూలి సరిగా ముట్టక క్రుంగిన కొండవారి మొరపై చెవి లేకుండెను. మొర వినని ప్రభుత్వమునకు వేగు తెచ్చిన వార్త యక్కరకు రాదు.

కావున మేము అరెస్టుల సంఖ్యను లెక్కింపము. వార్త తగినవారికి తగిన వేళకు చేరెనా? తెలిసినదానిని ఊహను వేఱుపఱచి చెప్పిరా? పాలకుని కింపుగాని మాటను జంకక వ్రాసిరా? ఆ పనిలో నిరపరాధుల స్వేచ్ఛ యెంత పోయెను? ఈ నాలుగే మా ప్రశ్నలు.

ఇవి అడుగువా రెవ్వరు? మన ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నాటిది. రా 1968లో పుట్టెను. ఈ రెంటికిని పార్లమెంటు చేసిన ప్రత్యేక శాసనము లేదు. బ్రిటనులో 1994 నాటి చట్టముచే ఏర్పడిన పార్లమెంటు సభ్యుల సంఘ మొకటి వేగుసంస్థలను పరిశీలించుచున్నది; రహస్యములు బయటపడి రాజ్యము మునిగిపోలేదు. మనదేశమునను కార్గిల్ యుద్ధము పిదప 1999లో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సంఘము లోపములను వెల్లడించెను. నివేదికలో కొన్ని భాగములను దాచినను, మిగిలినది ప్రజల ముందుంచిరి. 2005 నాటి సమాచారహక్కు చట్టము వేగుసంస్థలకు మినహాయింపు నిచ్చియు, అవినీతి, మానవహక్కుల భంగము అను ఆరోపణలను విడువలేదు.

దాచవలసినది వార్త తెచ్చినవాని పేరు; దాచరానిది ప్రభుత్వము చేసిన పొరపాటు. అమలాపురము వంటి ప్రతి సంఘటన పిదపను, ఏ మెట్టున తప్పెనో చెప్పు నివేదికను చదువరులు తమ ప్రతినిధుల నడుగుదురు గాక. అడుగువారు లేనిచో బీరువా తెఱవబడదు, మఱల ఇండ్లు కాలినప్పుడు మనము మఱల “వేగువారేమైరి?” అనియే యడుగుచుందుము.