రాయి ముందా, పురుగు ముందా

ల్యాబుకు వచ్చే శాంపిళ్లలో నాకు ఇష్టమైనది పైత్యరసం. ఇష్టమంటే ఇంట్లో ముక్కు మూసుకుంటారు గానీ, సీసా చేతికి రాగానే అది కొంత చెప్పేస్తుంది. తేటగా, బంగారు రంగులో ఉంటే కల్చర్ ప్లేటు మీద చాలాసార్లు ఏమీ పెరగదు. అడుగున మడ్డి దిగి, చిక్కగా, కంపు కొడుతుంటే మర్నాటికి మెకాంకీ అగార్ మీద ఈ.కోలై గులాబీ చుక్కలో, క్లెబ్సియెల్లా జిగురు ముద్దలో తప్పవనుకుంటాను. కోసి తీసిన పిత్తాశయాన్ని ఫార్మలిన్‌లో ముంచేసి, పైన 'కల్చర్' అని రాసి పంపేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బాలో ఇక బతికేదేముంది?

హెబ్బగోడిలో కాపురం, బొమ్మసంద్ర వైపు డ్యూటీ. ఈ హోసూరు రోడ్డుకు ఒకవైపు నుంచి కుప్పం, మదనపల్లె మనుషులొస్తారు. ఇంకోవైపు నారాయణ హెల్త్ సిటీ చుట్టూ లాడ్జీలకు బెంగాలీ బోర్డులు. ఆ బెంగాల్ దాకా పరుచుకున్న గంగా మైదానంలో పిత్తాశయ క్యాన్సర్ మన దక్షిణాది కంటే చాలా ఎక్కువ. పిత్తాశయ రాళ్లలోనూ తేడా ఉంది: అక్కడ కొలెస్ట్రాల్ రాళ్లు, ఇక్కడ పిగ్మెంట్ రాళ్లు ఎక్కువ.

పిగ్మెంట్ రాళ్లలో గోధుమరంగువి పైత్యరస నాళంలోనే పుడతాయి, వాటిలో బ్యాక్టీరియా చెయ్యి కనబడుతుంది. కాలేయం బిలిరుబిన్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి కరిగేలా చేస్తుంది. ఈ.కోలై తన ఎంజైముతో ఆ ముడి విప్పేస్తుంది. కరగని బిలిరుబిన్ కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. తర్వాత ఆ బ్యాక్టీరియా పురుగులు ఆ రాతిలోనే ఉంటాయి. అక్కడికి యాంటీబయాటిక్ సరిగ్గా చేరదు, రాయిని తీయాల్సిందే.

టైఫాయిడ్ క్రిమి ఇంకా గడుసుది. చాలా బ్యాక్టీరియాను చంపే పైత్యరసం దానికి పడుతుంది. అందుకే రక్తంలో దాన్ని పట్టడానికి బైల్ బ్రాత్ వాడతాం. జ్వరం తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో, రాళ్ల మీద పొరకట్టి ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. అలా మోసేవాళ్లలో పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువని చాలా పరిశోధనల్లో తేలింది. అయినా థాయ్‌లాండ్‌లో పచ్చిచేపలతో ఒంట్లోకి చేరే కాలేయపు పురుగును 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకమని తేల్చినట్టు, ఈ టైఫాయిడ్ క్రిమిని తేల్చలేదు.

పైగా నాళంలో గడ్డ అడ్డుపడితే, స్టెంట్ వేస్తే, పేగులోని బ్యాక్టీరియా పైకి ఎక్కుతుంది. రిపోర్టులో నేను రాసే పేరు చాలాసార్లు ఇలా ఆలస్యంగా వచ్చినదానిదే. ఈలోగా, నాళం మూసుకుని వచ్చిన కామెర్లకు పసరు పోయించుకుని వారాలు పోగొట్టుకునేవాళ్లను చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. కళ్లు పచ్చబడి, మలం తెల్లబడి, ఒళ్లంతా దురద పుడితే ముందు స్కాన్ తీయించాలి.

మొన్న కుప్పం కుర్రాడొకడు కౌంటర్ దగ్గర నిలబడి, "మా నాయనకు క్యాన్సరొచ్చింది ఈ పురుగు వల్లేనా మేడం?" అనడిగాడు.

"అది ఈ ప్లేటు చెప్పదు నాయనా. ఏ మందుకు లొంగుతుందో రేపు మధ్యాహ్నానికి చెప్తా."

"అదన్నా తొందరగా చెప్పండి. లోపల ఆయనకు జ్వరం దిగడం లేదు."