నిజాంపేటలో బుల్లి సముద్రం

జేఎన్‌టీయూ కాలేజీ మెట్రో స్టేషన్లో దిగి నిజాంపేట వైపు వెళ్తుంటే దారి పొడవునా అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు... వాటి మధ్య హారన్ కొట్టుకుంటూ నీళ్ల ట్యాంకర్లు. ఒకప్పటి ఈ పల్లె 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. ఉద్యోగం హైటెక్‌సిటీలో, ఫ్లాటు ఇక్కడ... ఎన్నో కుటుంబాల లెక్క ఇదే. అల చూడాలంటే మాత్రం బాపట్ల దగ్గరి సూర్యలంక దాకా వెళ్లాలి. రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైమాటే! మరి ఆ సముద్రాన్నే హాల్లో ఓ మూల పెట్టుకుంటే? 60 లీటర్ల గాజు తొట్టె, ఓ జత క్లౌన్‌ఫిష్... 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాతో పిల్లలందరికీ చుట్టమైపోయిన చేపే. అయితే ఆ జంట బతికి బట్టకట్టాలంటే నీళ్లు, వాటి కదలిక, వెలుతురు... మూడూ కుదరాలి.

బోరు నీళ్లు వద్దు

బోరు నీళ్లలో, ట్యాంకరు నీళ్లలో ఏయే లవణాలు ఎంతున్నాయో తెలియదు. కాబట్టి ఆర్వో నీళ్లే వాడాలి. ఇంట్లోని ఆర్వో మిషన్లలో కొన్ని, రుచి కోసం మామూలు నీటిని మళ్లీ కలుపుతాయి. అందుకే టీడీఎస్ మీటరుతో చూసుకోవడం మేలు. అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. లీటరుకు 35 గ్రాముల చొప్పున, 60 లీటర్లకు రెండు కిలోల పైచిలుకు మెరైన్ అక్వేరియం ఉప్పు పడుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం అందులో సరిపడా ఉండవు మరి.

దారి ఇవ్వకపోతే...

నీటికి దారి లేకపోతే ఏమవుతుందో నిజాంపేటకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2016 సెప్టెంబరు వానలకు తుర్క చెరువు పొంగి భండారీ లేఅవుట్ సెల్లార్లన్నీ మునిగాయి. తొట్టెలోనూ అంతే. నీళ్లు కదలని మూల మిగిలిన మేత, మలం పేరుకుని కుళ్లుతాయి. అమ్మోనియా పెరుగుతుంది. చేప ఊపిరి కష్టమవుతుంది.

తొట్టెలోని నీళ్లు గంటకు 10 నుంచి 20 సార్లు తిరగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 60 లీటర్లకు గంటకు 600 నుంచి 1200 లీటర్లు. ఫిల్టరు, వేవ్‌మేకరు... రెండూ కలిపి! పెద్ద మోటారు ఒకటి పెట్టేకంటే చిన్నవి రెండు ఎదురెదురుగా పెడితే నీళ్లు కలగాపులగంగా తిరుగుతాయి. ఒకదాని మూతి కాస్త పైకి ఉండాలి. పైనీరు చెదిరితేనే ప్రాణవాయువు బాగా కలుస్తుంది. చిటికెడు మేత వేసి చూడండి. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ప్రవాహం చాలనట్లే. చేపలు ఎప్పుడూ ఒకే మూల నక్కుతుంటే జోరు మరీ ఎక్కువైందేమో చూసుకోవాలి.

వెలుగు ఎవరి కోసం?

ఖర్చంతా ఇక్కడే. చేపలకైతే రోజుకు 8 గంటలు వెలిగే మామూలు ఎల్‌ఈడీ చాలు. ఖరీదైన నీలి లైట్లు నిజానికి పగడాల కోసం. సముద్రంలో ఎరుపు కాంతి పైపొరల్లోనే ఆగిపోతుంది. నీలం లోతుకు వెళ్తుంది. పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు ఆ వెలుగుతోనే వాటికి ఆహారం తయారుచేస్తుంది.

అసలు సంగతి వేరే ఉంది. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్ర గుర్రాలూ ఆ చట్టం కిందికే వస్తాయి. కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కాబట్టి ముందు ఏం పెంచుతారో తేల్చుకుని, తర్వాతే లైటు కొనాలి. చేపలే చాలనుకుంటే వేలకు వేలు మిగిలినట్లే. అవసరానికి మించిన వెలుగు వల్ల ఒరిగేది ఒక్కటే... అద్దాల నిండా నాచు!

మే నెల పరీక్ష

మన ఎండలకు తొట్టె కూడా వేడెక్కుతుంది. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడే కరెంటు పోతే? ఇన్వర్టరు తీగ లైటుకు కాదు, మోటారుకు ఇవ్వాలి. చీకట్లో చేప ఓ రాత్రి హాయిగా ఉంటుంది. నిలవ నీటిలో ఉండలేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉంటే ఇంకా ధీమా. ఆవిరైన మేరకు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు కదా!

తొట్టె సిద్ధమైనా చేపలకు తొందరపడకూడదు. అమ్మోనియా మూలాన్ని కొద్దికొద్దిగా అందిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు మోటారు నడిపితే, దాన్ని తినే మంచి బ్యాక్టీరియా రాళ్లమీదా ఇసుకలోనూ స్థిరపడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే జంటను తెచ్చుకోవాలి. క్లౌన్‌ఫిష్‌ను తొట్టెల్లోనే పుట్టించి పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏనాడో రూపొందించింది. అలా పుట్టిన పిల్లల్నే అడిగి కొంటే, ఇంట్లో సముద్రం కోసం అసలు సముద్రాన్ని ఖాళీ చేసిన పాపం అంటదు.