సెలవుల్లో తెరుచుకునే గదులు

చికాగోకు పశ్చిమాన నేపర్‌విల్, అరోరా ఊళ్ళ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ప్రాంతంలోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో, జూన్ నెలలో, పని జోరంతా బేస్‌మెంట్‌లోని సామాన్ల గదిలోనే కనిపిస్తుంది. హైస్కూల్ చివరి ఏడాదిలోకి అడుగుపెట్టబోతున్న తెలుగు కుర్రాడొకడు చేతులకు గ్లౌజులు తొడుక్కుని అట్టపెట్టెలు ఒక్కొక్కటే కిందికి దించుతున్నాడు. లోపల ఏమున్నదీ లాప్‌టాప్‌లో ఎక్కిస్తున్నాడు. ఇది అతని సమ్మర్ జాబ్. గంటల లెక్కన జీతం.

“అంకుల్, ఈ వరస మీరు చూడొచ్చు. ఎర్ర స్టిక్కర్ ఉన్న పెట్టెలు మాత్రం తెరవకూడదు. అవి స్టూడెంట్ రికార్డ్స్,” అన్నాడు, చూద్దామని వెళ్ళిన నాతో.

ఆ స్టిక్కర్ వెనక చట్టం ఉంది. విద్యార్థుల వివరాలను అనుమతి లేకుండా బయటివాళ్ళకు చూపించరాదని అమెరికా 1974లోనే సమాఖ్య చట్టం చేసింది. ఇల్లినాయి రాష్ట్ర చట్టం ఇంకా వివరంగా చెబుతుంది: విద్యార్థి బడి వదిలాక అతని శాశ్వత రికార్డును కనీసం 60 ఏళ్ళు, తాత్కాలిక రికార్డును కనీసం 5 ఏళ్ళు దాచాలి. ఏది ఉంచాలో ఏది చించాలో వేరుచేసే పని ఏటా పేరుకుపోతూనే ఉంటుంది. దానికి తీరిక దొరికేది వేసవిలోనే. కుర్రాడి చేతికి వచ్చేది ఆ కాగితాలు కాదు. వాటి మధ్య ఇరుక్కుపోయిన మిగతా సామాను.

ఇంత సామాను ఎక్కడిది? ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ చాలాచోట్ల సొంతంగా ఎన్నికైన బోర్డు, సొంతంగా ఆస్తిపన్ను రాబడి ఉన్న స్థానిక సంస్థ. ఒకప్పుడు పల్లెకొకటి చొప్పున ఉండేవి. 1939–40లో దేశం మొత్తం మీద 1,17,108 డిస్ట్రిక్టులు ఉండగా, ఇప్పుడు 13 వేల పైచిలుకు మిగిలాయి. 1917–18లో ఒకే టీచరుతో నడిచే బళ్ళు 1,96,037. బస్సులు, తారురోడ్లు వచ్చాక వాటిని మూసి పెద్ద బళ్ళలో కలిపేశారు. మూతపడ్డ బడి గంట, హాజరు పుస్తకం, గోడ మీది మ్యాపు విలీనమైన పెద్ద డిస్ట్రిక్టు ఆఫీసుకు చేరాయి. నాలుగిళ్ళ సామాను ఒకే ఇంట్లో సర్దినట్టు, ఎవరిదేదో చెప్పేవాళ్ళు లేకుండా పోయారు.

బేస్‌మెంట్ అరల్లో ఆ చరిత్ర పొరలు పొరలుగా ఉంది. స్పిరిట్ డూప్లికేటర్ మీద తీసిన ఊదారంగు ప్రశ్నపత్రాలు ఒక కట్ట. మన బళ్ళలో సైక్లోస్టైల్ కాగితాలు చదివిన తరానికి ఇవి దగ్గరి చుట్టాలే. చిన్న డబ్బాల్లో చుట్టిపెట్టిన ఫిల్మ్‌స్ట్రిప్‌లు. ఒక మూల ఆకుపచ్చ ఇనప డ్రమ్ము, దాని మీద పౌర రక్షణ శాఖ ముద్ర. 1961 తర్వాత అణుదాడి భయంతో బడి బేస్‌మెంట్లను ఆశ్రయాలుగా గుర్తించి, పదిహేడున్నర గ్యాలన్ల నీళ్ళ డ్రమ్ములు, బిస్కెట్ల డబ్బాలు నిలవచేశారు. నీళ్ళు అయిపోయాక అదే డ్రమ్ము మరుగుదొడ్డిగా పనికొచ్చేలా ఏర్పాటు. పిల్లలకు లెక్కలు చెప్పే గదుల కిందే పెద్దలు ఇంత దూరం ఆలోచించి పెట్టుకున్నారని ఆ డ్రమ్ము పక్కన నిలబడితే గానీ అర్థం కాదు.

ఇలాంటివి బయటపడింది ఈ ఒక్కచోటే కాదు. 2015 జూన్‌లో ఓక్లహామా సిటీలోని ఎమర్సన్ హైస్కూల్‌లో పాత బోర్డులు తీసి కొత్త స్మార్ట్‌బోర్డులు బిగించే పని మొదలైంది. పాత బోర్డులు ఊడదీస్తే వెనక ఇంకా పాత నల్లబల్లలు. వాటి మీద రంగు సుద్దతో వేసిన బొమ్మలు, పాఠాలు, 1917 డిసెంబరు క్యాలెండరు చెక్కుచెదరకుండా ఉన్నాయి. థాంక్స్‌గివింగ్ పండగ బొమ్మలున్నాయి. చక్రం ఆకారంలో గీసిన గుణకార పట్టిక కూడా ఉంది; ఆ పద్ధతి ఇప్పటి టీచర్లకు కొత్త. ఆ బల్లలను అక్కడే కాపాడాలని బడి నిర్ణయించుకుంది. తుడిచేయడానికి ఒక్క గుడ్డముక్క చాలు. అలాంటి సుద్దగీత తొంభై ఏడేళ్ళకు పైగా నిలిచింది.

అదే ఏడాది మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో మరో సంగతి వార్తల్లోకెక్కింది. అక్కడి 19 బళ్ళలో హీటింగ్, ఏసీలను అప్పటికింకా నడిపిస్తున్నది 1980ల్లో కొన్న కమడోర్ అమిగా కంప్యూటరు. దాని ప్రోగ్రాం రాసింది అప్పట్లో ఒక హైస్కూల్ విద్యార్థి. అది ఏదైనా మొరాయిస్తే, ఇంకా ఆ ప్రాంతంలోనే ఉంటున్న అతనికే కబురు వెళ్ళేది. ఆదేశాలు మోడెమ్ ద్వారా, రేడియో తరంగాల మీద ప్రయాణించేవి. అదే తరంగం మీద సిబ్బంది వాకీటాకీలు కూడా పనిచేయడంతో ఒక్కోసారి మాటలు ఆపి కంప్యూటరుకు దారి ఇవ్వాల్సి వచ్చేది. దాన్ని మార్చడానికి 15 నుంచి 20 లక్షల డాలర్లు అవుతుందని అంచనా వేశారు. ఆ ప్రోగ్రాం ఎవరిదో, ఎలా పనిచేస్తుందో తెలిసిన మనిషి దొరకబట్టే అన్నేళ్ళూ బళ్ళు వెచ్చగా ఉన్నాయి.

కొన్ని మాత్రం మరుపు వల్ల కాదు, పనిగట్టుకుని దాచినవి. చికాగోలోని లూసీ ఫ్లవర్ వొకేషనల్ హైస్కూల్‌లో చిత్రకారుడు ఎడ్వర్డ్ మిల్‌మన్ 1938–40 మధ్య అమెరికా మహిళా నాయకుల మీద గోడచిత్రం వేశాడు. అందులో బానిసత్వాన్ని ఎదిరించిన హారియట్ టబ్‌మన్ ఉంది, పేదల కోసం పనిచేసిన జేన్ ఆడమ్స్ ఉంది. చిత్రం మరీ విషాదంగా ఉందంటూ 1941లో పెద్దలు సున్నం కొట్టించారు. 1990ల్లో నిపుణులు ఆ పొరలు ఓపికగా గీకి మళ్ళీ బయటికి తెచ్చారు. అర్ధశతాబ్దం పాటు ఎందరో ఆడపిల్లలు ఆ సున్నం గోడ పక్కనుంచే నడిచి వెళ్ళారు.

బయటపడ్డవాటిలో మన గుండె బరువెక్కించేవీ ఉన్నాయి. అమెరికా బళ్ళలో జీవశాస్త్రం పాఠానికి వాడిన అసలు మనుషుల అస్థిపంజరాల్లో చాలాభాగం భారతదేశం నుంచే వచ్చాయి. కలకత్తా ఆ వ్యాపారానికి కేంద్రం. 1985లో మన ప్రభుత్వం ఎగుమతిని నిషేధించేదాకా అది సాగింది. సైన్స్ గది అలమరలో కొక్కేనికి వేలాడుతున్నది ప్లాస్టిక్ బొమ్మ కాదని తెలిసినప్పుడు, ఆ మనిషిది ఏ ఊరో, అయినవాళ్ళు ఎవరో చెప్పే కాగితం ముక్క ఉండదు. బిల్లు మాత్రమే ఉంటుంది, అదీ దొరికితే.

పేరు దొరికినప్పుడు ఏమవుతుందో ఒహాయోలోని నార్త్ కాంటన్ చూపించింది. 2019లో అక్కడి మిడిల్ స్కూల్‌లో లాకర్లకూ గోడకూ మధ్య సందులో ఎర్ర హ్యాండ్‌బ్యాగు ఒకటి దొరికింది. 1957లో ఒక విద్యార్థిని పోగొట్టుకున్నది. లోపల ఫొటోలు, లైబ్రరీ కార్డు, కొద్దిపాటి చిల్లర ఉన్నాయి. ఆమె 2013లోనే కన్నుమూసింది. బడివాళ్ళు ఆరా తీసి బ్యాగును కుటుంబానికి చేర్చారు. ఆమె ఐదుగురు పిల్లలూ అందులోని సెంటు నాణేలు తలా ఒకటి దాచుకున్నారు.

అరోరా దగ్గరి కుర్రాడి జాబితాలో ప్రతి వస్తువుకూ నాలుగు గడులున్నాయి: ఏమిటి, ఎక్కడ దొరికింది, దాని మీద ఏం రాసి ఉంది, ఎటు పంపాలి. నాలుగో గడి పైఅధికారి నింపుతారు. స్థానిక చరిత్ర సంఘానికా, వేలానికా, రీసైక్లింగ్‌కా అన్నది అక్కడ తేలుతుంది. “మొదటి మూడూ సరిగ్గా రాయకపోతే నాలుగోది తప్పు పోతుంది అంకుల్,” అన్నాడు.

మన బళ్ళకూ ఈ పద్ధతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు–నేడు పథకం తొలి దశలోనే 15,715 బళ్ళకు మరమ్మతులు జరిగాయి. అంత పనిలో పాత బీరువాలు, గోడ పటాలు, ప్రయోగశాల సామాను, అడ్మిషన్ రిజిస్టర్లు కదలకుండా ఉండవు. పుట్టినతేదీకి వేరే ఆధారం లేని ఎందరికో ఆ రిజిస్టరే దిక్కు. రంగులేయడానికి కూలీలు వచ్చేముందే, ఊళ్ళో డిగ్రీ చదివే ఇద్దరు ముగ్గురికి వేసవిలో నెలరోజుల జీతమిచ్చి, బీరువాలు తెరిపించి ఇలాంటి జాబితా రాయించాలి. ఒక ప్రతి బడిలోనూ, మరొకటి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలోనూ ఉంచాలి.