108 సంవత్సరముల నిరీక్షణ

జపమాల యందు పూసలు 108. బేస్‌బాల్ బంతిపై ఎర్రని కుట్లు 108. అమెరికా దేశమున చికాగో నగరపు కబ్స్ జట్టు 1908లో వరల్డ్ సిరీస్ గెలిచిన పిదప, మరల గెలుచుటకు పట్టిన సంవత్సరములును 108. ఆ సంవత్సరములను ఒక్కొక్క పూసగా త్రిప్పిన అభిమానులు కలరు. వారి నిష్ఠ సాధకునకు ఏమి బోధించును?

నిష్కామకర్మకు వారే దృష్టాంతమని తొందరపడి పలుకరాదు. అభిమాని గెలుపును కోరును. కోరిక లేనివాడు మైదానమునకే పోడు. విచారింపవలసినవి రెండు ప్రశ్నలు. కోరిక తీరనపుడు మనస్సు ఏమగును? తీరబోవుచున్నపుడు ఏమగును?

1945 అక్టోబరు నెలలో ఏడేండ్ల బాలుడొకడు తండ్రి చేయి పట్టుకొని రిగ్లీ ఫీల్డ్ మైదానమున అడుగిడెను. ఆ ఏట కబ్స్ జట్టు వరల్డ్ సిరీస్ వరకు చేరి, ఏడవ ఆటలో డెట్రాయిట్ జట్టు చేతిలో ఓడెను. ఇంటికి మరలునపుడు తండ్రి, "వచ్చే ఏడు చూతము" అనెను. ఆ నగరమున అది ప్రతి ఇంట వినవచ్చు మాటయే. ఆ వచ్చే ఏడు 71 సంవత్సరముల దూరమున ఉన్నదని వారిరువురును ఎరుగరు.

బాలుడు యువకుడయ్యెను, గృహస్థుడయ్యెను. 1988 వరకు ఆ మైదానమున రాత్రి ఆటలకు దీపములు లేవు. తీగలల్లుకొనిన ఇటుక గోడల నడుమ పగటివేళనే ఆట. పోలేని దినమున రైలు కిటికీ నుండి మైదానముపై ఎగురు పతాకమును చూచెడివాడు. తెల్లనిది గెలుపునకు, నీలిది ఓటమికి గుర్తు. నీలి పతాకమును చూచి చూచి అతని కన్నులు అలవాటుపడెను. ఎర్నీ బ్యాంక్స్ అను మహాక్రీడాకారుడు 1953 నుండి 1971 వరకు ఆ జట్టుకే ఆడి, 512 హోమ్ రన్లు కొట్టి, వరల్డ్ సిరీస్‌లో ఒక్క ఆటయైనను ఆడకయే విరమించెను. అయినను అతని ముఖమున చిరునవ్వు చెరగలేదు. అట్టివారిని చూచి ఈ అభిమాని, తనకును ఓర్పు సిద్ధించినదని తలంచెను.

పరీక్ష 2003 అక్టోబరు 14న వచ్చెను. వరల్డ్ సిరీస్ చేరుటకు ఐదు ఔట్లు మాత్రమే మిగిలియుండెను. గోడ అంచున దిగుచున్న బంతికై ఫీల్డర్ ఎగిరెను. ప్రేక్షకులు పలువురు చేతులు చాచిరి. ఒకని చేతికి తగిలి బంతి జారెను. పిమ్మట ఆటగాండ్రే తప్పులు చేసిరి. ప్రత్యర్థులు ఆ ఇన్నింగ్స్ యందే 8 పరుగులు తీసిరి. కాని జనుల క్రోధమంతయు ఆ ఒక్కనిపై పడెను. దూషించిరి, చేతికందినవి విసరిరి. రక్షకులు అతనిని కాపాడి వెలుపలికి కొనిపోవలసి వచ్చెను. అతడును కబ్స్ అభిమానియే, బాల్యము నుండి అదే జట్టును ప్రేమించినవాడే.

దూషించినవారిలో మన అభిమానియు ఒకడు. నాటికి అతని వయస్సు అరువది ఐదు. ఏబది ఎనిమిదేండ్ల ఓటమి అతని నోట పలికింపలేని పరుషవాక్యమును ఐదు ఔట్ల దూరమున నిలిచిన గెలుపు పలికించెను. తనది ఓర్పు కాదనియు, ఫలము దూరమున ఉండుటచే కోరిక నిద్రించినదనియు ఆ రాత్రి అతనికి తెలిసెను.

2016 నవంబరు 2న, క్లీవ్‌లాండ్‌లో, వాన వలన 17 నిమిషములు ఆగిన ఆట పదవ ఇన్నింగ్స్‌లో 8–7 తేడాతో కబ్స్ జట్టుకు దక్కెను. జనులు సుద్దముక్కలు తెచ్చి, ఆ గెలుపు చూడక గతించిన తమవారి పేర్లను రిగ్లీ ఫీల్డ్ గోడలపై వ్రాసిరి. వృద్ధుడు తండ్రి పేరు వ్రాసెను. మరియొక పేరును మనస్సున మెదలెను, అది బ్రతికియున్నవానిది. గోడ మృతులకై ఉన్నది. సుద్దముక్కను ప్రక్కవానికిచ్చి మరలెను. మరుసటి ఏట జట్టు యాజమాన్యము, 2003లో దూషింపబడిన ఆ అభిమానికి విజేతల ఉంగరమును బహూకరించినదని వార్త వచ్చెను. విజయరాత్రి రాని కన్నీరు వృద్ధునకు ఆనాడు వచ్చెను.

సాధకులారా! తిరుమల క్యూలో గంటల తరబడి గోవిందనామము పలుకుచు ఓర్పుతో నిలిచినవాడే, బంగారు వాకిలి యొద్ద స్వామి కన్నులకు అగుపించినంతనే ప్రక్కవానిని మోచేతితో త్రోయును. నిరీక్షణ యంతయు ఓర్పు కానేరదు. ఫలము అరచేతి దూరమున ఉన్నపుడు, ప్రక్కనున్నవాడును తనవలెనే చేయి చాచినవాడని తోచినచో, అది భక్తి. ఆ స్మరణ ఆలస్యముగ కలిగినను వ్యర్థము కాదు.