తాళంచెవి లేని హక్కు

తెలుగు పట్టణాల డీటీపీ కేంద్రాల్లో ఒకప్పుడు కంప్యూటర్ వెనుక, ప్రింటర్ పోర్టుకు, చిన్న తాళం ఒకటి తగిలించి ఉండేది. దాని పేరు డాంగిల్. అది ఉంటేనే తెలుగు అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. పెళ్లి శుభలేఖలు, సంఘాల కరపత్రాలు, ఎన్నికల వేళ అభ్యర్థుల విన్నపాలు అన్నీ దాని దయ మీదే. వోల్టేజీ హెచ్చుతగ్గులకు అది కాలిపోతే, డబ్బిచ్చి కొన్న యజమాని పని ఆపుకొని కూర్చోవలసిందే. పక్క వీధిలో తాళం ఛేదించిన కాపీతో పనిచేసేవాడికి ఆ బాధ లేదు. తర్వాత డాంగిల్ యూఎస్‌బీకి మారింది. చాలాచోట్ల ఇంటర్నెట్ ద్వారా ధ్రువీకరణ వచ్చింది. బాధ మాత్రం చేతులు మారలేదు.

2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. గీత రచయితల, స్వరకర్తల రాయల్టీ కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో మాట్లాడిన సవరణ అదే. అందులోనే 65ఎ సెక్షన్ కూడా వచ్చింది. కాపీరైటును ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ‘ఉద్దేశంతో’ అన్న మాటే ఈ సెక్షన్‌కు ప్రాణం. చట్టం నిషేధించని పని కోసం తాళం తీస్తే నేరం కాదు. 1998 నాటి అమెరికా చట్టంతో పోలిస్తే ఇది ఉదారమైనదే, ఆ మేరకు మెచ్చుకోవాలి. పైగా సాఫ్ట్‌వేర్‌ను చట్టబద్ధంగా పొందినవారు నష్టం నుంచి రక్షణగా నకలు తీసి పెట్టుకోవచ్చని 52వ సెక్షన్ అంటుంది.

మరి తాళం వేసి ఉన్నదానికి నకలు తీసేదెలా? తాళం తీసి ఇవ్వవలసిన బాధ్యతను 65ఎ అమ్మకందారుపై పెట్టలేదు. హక్కు కాగితం మీద ఉంది, తాళంచెవి కంపెనీ బీరువాలో ఉంది. యజమానికి ప్రోగ్రామింగ్ రాదు కాబట్టి తెలిసినవారి సాయం అడగాలి. ఆ సాయపడినవారు ఏం చేయాలో చెప్పడం మాత్రం చట్టం మరువలేదు: సాయం పొందినవారి పేరు, చిరునామా, గుర్తించడానికి కావలసిన వివరాలు, ఏ పనికోసమన్న సంగతి పూర్తిగా నమోదు చేసి ఉంచాలి. కొన్న వస్తువుకు నకలు తీసుకోవాలంటే కొన్నవాడి పేరు రిజిస్టరుకు ఎక్కాలన్నమాట. తాళం వేసిన సంస్థకు అలాంటి రిజిస్టరు ఏదీ లేదు.

డాంగిల్ కాలిపోయిన యజమాని ఈ సెక్షన్లేవీ చదివి ఉండరు. కొత్తదానికి డబ్బు కట్టి, అది వచ్చేలోగా ముహూర్తం దగ్గరపడిన శుభలేఖలను పక్క వీధికి పంపేవారు.