సంచి కింద పెట్టమన్నది నేనే

మార్చిలో మా ఇంటికి ఏసీ సర్వీసింగుకి వచ్చినాయన సంచి పోయింది. మేముండేది దుండిగల్‌లో, గండిమైసమ్మ చౌరస్తాకి దగ్గర్లో. ఆయన ఒక భుజాన పెద్ద సంచి, చేతిలో వాక్యూమ్ పంపు పట్టుకుని గుమ్మంలోకి రాగానే నేనన్న మొదటి మాట: "అన్నా, క్లీనింగే కదా, అవన్నీ కింద బండి దగ్గర పెట్టేసి రా, ఇప్పుడే ఇల్లు తుడిచారు." సరే సార్ అని పెట్టొచ్చాడు. గంట తర్వాత చూస్తే బండి ఉంది, సంచీ లేదు, పంపూ లేదు. సీసీ కెమెరా ఉందండోయ్! అందులో లిఫ్టు, దాని పక్క గోడ చక్కగా కనిపిస్తాయి. బళ్ళు కనపడవు.

పోలీసు కంప్లైంట్ రాసేటప్పుడు ఏమేం పోయాయో తడుముకోకుండా చెప్పాడు. క్లాంప్ మీటరు, గేజులు, ఫ్లేరింగ్ కిట్, స్పానర్లు, డ్రిల్లు, పంపు.. అన్నీ కలిపి 17 వేలు. బిల్లు ఒక్కటి కూడా లేదు.

రెండేళ్ళ కిందట నా ఆఫీసు లాప్‌టాప్ క్యాబ్‌లో పోయింది. నాలుగు ఫారాలు నింపితే మర్నాడే ఇంకోటి ఇచ్చారు. కోడంతా గిట్‌లో భద్రం. పైసా జీతం తగ్గలేదు. ఈయనకేమో సీజనే మార్చి నుంచి మే దాకా. సంచి లేని ప్రతి రోజూ కూలి పోయినట్టే.

మొత్తం నేనిస్తానన్నా. ఒప్పుకోలేదు. "మీరు పెట్టమన్నరు, నిజమే. జాగ్రత్త చేసుకోవాల్సింది నేను. సగం ఇయ్యుండ్రి చాలు." ఆ మాటకి నాకు ఇంకా సిగ్గేసింది.

"పోనీ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతవి చవగ్గా దొరుకుతాయేమో?" అన్నా తెలివిగా. అక్కడివన్నీ దొంగసొత్తని కాదు గానీ, ఆయన అన్నది ఇది: "ఏది ఎవనిదో ఎట్ల తెలుస్తది సార్? ఇంకొకని సంచి నేను కొంటే, నా సంచి ఎవడో కొంటడు."

శనివారం ఇద్దరం రాణిగంజ్ వెళ్ళాం. ఖరీదైన పంపు ముందు కొంటాడనుకున్నా. కాదు. ముందు మీటరు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు. వీటితో సర్వీసింగు, కరెంటు రిపేర్లు మర్నాటి నుంచే మొదలుపెట్టొచ్చు. తర్వాత గేజులు. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాసుకి ప్రెషర్ ఎక్కువ, పాత ఆర్-22 గేజులు పనికిరావట. పైపుల్లో గాలి, తేమ లాగేయకుండా గ్యాసు వదిలితే కంప్రెసరుకి చేటు కాబట్టి పంపు లేకుండా కుదరదు. కానీ ఇన్‌స్టలేషన్ ఉన్న రోజున తోటి మెకానిక్ దగ్గర అద్దెకి తెచ్చుకుంటాడు. ఏది కొంటే దాని సంపాదనతో తర్వాతది కొనొచ్చో, అదీ లెక్క. మా భాషలో డిపెండెన్సీ ఆర్డరన్నమాట. నేనైతే ఒక్క స్ప్రింట్‌లో కూడా ఇంత బాగా ప్లాన్ చెయ్యలేదు.

సర్కారు సాయమేమైనా ఉందా అని వెతికా. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15,000 దాకా ఇస్తారు. ఉత్సాహంగా జాబితా చూశా. 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీ మేస్త్రీ, దర్జీ ఉన్నారు. ఏసీ మెకానిక్ లేడు, ఎలక్ట్రీషియనూ లేడు.

వెతుకుతుంటే ఇంకోటి కనపడింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 60వ సెక్షన్. అప్పు తీర్చలేదని కోర్టు ఆస్తులు జప్తు చేయించినా, చేతిపనివాళ్ళ పనిముట్లు మాత్రం జప్తు చెయ్యకూడదు. బాకీ ఎంతున్నా సరే, రేపు సంపాదించుకునే దారి మూసెయ్యొద్దని. కోర్టు కూడా ముట్టుకోని దాన్ని నేను నేల మాసిపోతుందని సెల్లార్‌లో పెట్టించా.

సంచి ఇంతవరకూ దొరకలేదు. ఈసారి బిల్లులూ, మీటరు మీది సీరియల్ నంబరూ ఫొటోలు తీసి ఆయన వాట్సాప్‌లోనే దాచిపెట్టాం. ప్రతి స్పానరు మీదా ఆయన పేరు మొదటి అక్షరం గీయించాం. జూన్‌కల్లా డ్రిల్లూ, పంపూ కొనుక్కున్నాడు.

మీ ఇంటికి పనికొచ్చినాయన సంచి లోపలికి తెచ్చుకుంటానంటే తెచ్చుకోనివ్వండి. నేల మళ్ళీ తుడుచుకోవచ్చు.